షాఫ్ట్ డ్రైవ్ బండి వెనక హోరు, టక్కు: ఒకటనుకున్న శబ్దం రెండుగా తేలింది

బండి వెనక ఏదో శబ్దం వస్తోందని రెండు నెలలు అనుకుంటూ తిరిగాను. నిజానికి వస్తున్నవి రెండు. ఒకటి హోరు: యాభై దాటాక మొదలై, డెబ్బై దగ్గర హెల్మెట్ నిండా ‘వూం’ అని మోగేది. రెండోది టక్కు: ముప్పై, నలభై స్పీడులో యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ అందుకునేటప్పుడు ఎడమ కాలి దగ్గర తగిలే దెబ్బ, దానికి తోడు ఫుట్‌రెస్టులో సన్నటి వణుకు. రెండూ ఒకే కాలంలో పెరుగుతూ వచ్చాయి కాబట్టి రెండింటి వేరూ ఒకటేననుకున్నాను. చూపించిన షాపులో కూడా అదే మాట: “క్రౌన్ బేరింగ్ పోయింది సార్, ఫైనల్ డ్రైవ్ మొత్తం మార్చాలి.” చైనుకి బదులు ఈ బండిలో తిరిగే కడ్డీ, అంటే షాఫ్ట్ ఉంటుంది; దాని తిరుగుడుని వెనక చక్రానికి మళ్ళించే గేర్ల పెట్టే ఫైనల్ డ్రైవ్. షాపువాళ్ళు చక్రం ఊపి చూడలేదు, ఆయిల్ దించలేదు. ఆ మాట మీద పార్టు తెప్పించి ఉంటే డబ్బు పోయేది, శబ్దాలు మాత్రం రెండూ మిగిలేవి.

బండి 1,170 సీసీ బాక్సర్ ట్విన్, అంటే ఇటొకటి అటొకటి పడుకున్న రెండు సిలిండర్లు. ఆరు గేర్లు, తడి (నూనెలో తిరిగే) క్లచ్, ఎడమ పక్క షాఫ్ట్, ఒంటి స్వింగార్మ్ (వెనక చక్రాన్ని ఒక పక్క నుంచే మోస్తూ పైకీ కిందికీ ఊగే చెయ్యి). మీటరు మీద 48,000 కి.మీ. ఉంది. ఉండేది విశాఖ లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి నాలుగు వీధుల ఇవతల. ఇక్కడ గేటు బందులకి ఏడాదికోసారి రంగు వెయ్యకపోతే చేతికొస్తాయి. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో తరవాత తెలుస్తుంది.

చైన్ బండి అయితే చైనూ, స్ప్రాకెట్టూ కళ్ళెదురుగా ఉంటాయి. ఇందులో అంతా అల్యూమినియం గొట్టం లోపలే. గేరుబాక్సు నుంచి బయటికొచ్చే షాఫ్ట్, దానికి తగిలించిన ముందు క్రాస్ జాయింటు (వంగి కూడా తిరగగలిగే కీలు), ఆ వెనక మధ్యలో రబ్బరు డ్యాంపర్ (కుదుపు మింగే రబ్బరు) అతికించిన ప్రొపెల్లర్ షాఫ్ట్, వెనక క్రాస్ జాయింటు, అక్కణ్ణుంచి స్ప్లైన్ల (ఒకదానిలో ఒకటి జారి పట్టుకునే నిలువు పళ్ళ) మీదుగా పినియన్ (చిన్న గేరు), క్రౌన్ (పెద్ద గేరు), చక్రం. స్వింగార్మ్‌కి రెండు చివర్లా రబ్బరు బూట్లు (తొడుగులు). శబ్దం ఈ గొట్టం పొడవునా పాకుతుంది. వెనక పుట్టింది ముందు వినిపిస్తుంది, ముందుది వెనక వినిపిస్తుంది. అందుకే చెవితో చోటు వెతకడం మానేసి, ఏ శబ్దం ఏ తిరుగుడుకి లోబడి ఉందో వెతకడం మొదలుపెట్టాను.

దానికి కాస్త లెక్క కావాలి. వెనక టైరు 170/60-17. వ్యాసం దాదాపు 636 మి.మీ., చుట్టుకొలత రెండు మీటర్లు. గంటకు 60 కి.మీ. అంటే నిమిషానికి వెయ్యి మీటర్లు, అంటే చక్రం నిమిషానికి 500 చుట్లు, సెకనుకు 8.3. పినియన్‌కి 11 పళ్ళు, క్రౌన్‌కి 32, నిష్పత్తి 2.91. కాబట్టి అదే వేగంలో షాఫ్ట్ సెకనుకు 24 చుట్లు తిరుగుతుంది. క్రాస్ జాయింటులో లోపం ఉంటే చుట్టుకి రెండుసార్లు బయటపడుతుంది, అంటే 48 హెర్ట్జ్. పళ్ళు పళ్ళు కలిసే కూత 24 ఇంటూ 11, దాదాపు 267 హెర్ట్జ్. వేగం మారితే ఇవన్నీ అదే దామాషాలో మారతాయి. 40 కి.మీ. దగ్గర జాయింటు 32, పళ్ళు 178. ఈ నాలుగు అంకెలు ట్యాంకు మీద మాస్కింగ్ టేపు అతికించి రాసుకున్నాను. వేగం మాత్రం ఫోన్‌లో జీపీఎస్ చూసి తీసుకోవాలి. బండి మీటరు ఎప్పుడూ కాస్త ఎక్కువే చూపిస్తుంది, ఆ తేడాకే లెక్క తప్పుతుంది.

రోడ్డు పరీక్షకి రుషికొండ దాటాక భీమిలి వైపు పొద్దున్న ఆరింటికి వెళ్ళాను. ట్రాఫిక్ ఉండదు, ఎత్తుపల్లాలున్నాయి, కొత్త తారు ముక్కలూ పాత గరుకు ముక్కలూ పక్కపక్కనే దొరుకుతాయి. మొదట హోరు సంగతి చూశాను. 70లో క్లచ్ పట్టి న్యూట్రల్ చేశాను. ఇంజిన్ ఐడిలింగ్‌కి దిగినా హోరు అలాగే ఉంది. అంటే ఇంజిన్, క్లచ్ కావు. యాక్సిలరేటర్ ఇచ్చి ఎక్కినా, వదిలి దిగినా దాని గొంతు మారలేదు. క్రౌన్-పినియన్ అరిగితే సాధారణంగా ఈ రెండింటికీ తేడా వస్తుంది. బరువు లాగేటప్పుడు పళ్ళ ఒక ముఖం, బండి ఇంజిన్‌ని తోసేటప్పుడు ఇంకో ముఖం పని చేస్తాయి. రెండు ముఖాలూ సరిసమానంగా అరగడం అరుదు. ఇక క్రౌన్ బేరింగు అయితే, బండిని ఎడమకీ కుడికీ వంచినప్పుడు దాని మీద బరువు పడే తీరు మారి గరగర హెచ్చుతగ్గులవుతుంది. వంపులో హోరు మారింది కానీ, రెండు వైపులా ఒకేలా మారింది. వంచగానే పూర్తిగా తగ్గి, నిటారుగా లేపగానే మళ్ళీ వచ్చింది. తేల్చేసింది మాత్రం తారే. గరుకు ముక్క మీద నుంచి కొత్త ముక్క మీదికి ఎక్కిన క్షణంలో హోరు స్థాయి మారిపోయింది. బేరింగుకి కింద రోడ్డు ఏదో తెలియదు, టైరుకి తెలుస్తుంది.

అయినా అంకెతో ఒకసారి సరిచూసుకున్నాను. ఫోన్‌లో స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత మోత ఉందో) చూపించే ఉచిత యాప్ పెట్టి, ట్యాంక్ బ్యాగులో ఫోమ్ మధ్య ఫోన్ ఉంచి 70లో రికార్డు చేశాను. పళ్ళ కూత అయితే 311 దగ్గర సూదిలా నిలబడాలి. అక్కడ చిన్న సూది ఉంది, ఏ గేర్ల బండికైనా ఉండేదే. పెద్దది 230 చుట్టూ గుట్టలా పరుచుకుని ఉంది. ఇంటికొచ్చి టైరు మీద నమూనా ఎన్నిసార్లు తిరిగొస్తుందో సుద్దముక్కతో గుర్తు పెడుతూ లెక్కపెడితే 24. చక్రం సెకనుకు 9.7 చుట్లు, ఇంటూ 24, 233. గుట్టలా ఎందుకుందంటే, ఒకే కూత రాకుండా టైరు చేసేవాళ్ళు బ్లాకుల పొడవు కావాలనే అటూఇటూ మారుస్తారు. గేరు పళ్ళన్నీ ఒకటే కొలత కాబట్టి అవి సూదిలా కనిపిస్తాయి. అరచేత్తో టైరుని ముందుకి నిమిరితే నున్నగా ఉంది, వెనక్కి నిమిరితే రంపంలా తగిలింది. ప్రతి బ్లాకూ ఒక అంచు ఎత్తు, ఒక అంచు పల్లం. గాలి తక్కువతో లగేజీ మోసినందుకు ఫలితం. హోరు కథ అక్కడితో ముగిసింది. టైరు మార్చాలి, అంతే.

టక్కు సంగతి ఇంత సులువుగా తేలలేదు.

అదే ఫోన్‌ని ఈసారి వెనక సీటు పక్క గ్రాబ్ రెయిలుకి టేపుతో గట్టిగా బిగించి, మైకు బదులు వణుకు కొలిచే సెన్సరుతో రికార్డు చేశాను. చాలా ఫోన్లలో ఆ సెన్సరు 50 హెర్ట్జ్ పైన నమ్మదగ్గది కాదు. అందుకే 60లో కాకుండా 40లో చేశాను. మూడో గేరులో ఒక పరుగు, నాలుగో గేరులో ఒక పరుగు, న్యూట్రల్‌లో ఇంకోటి. వేగం మూడింట్లోనూ 40. ఇలా ఎందుకంటే ఇంజిన్ వణుకు గేరుని బట్టి కదులుతుంది, షాఫ్ట్ వణుకు కదలదు. మూడు రికార్డుల్లోనూ 32 దగ్గర ఒక శిఖరం ఉన్నచోటే ఉంది. 32 అంటే షాఫ్ట్ చుట్టుకి రెండు. అనుమానం ఫైనల్ డ్రైవ్ మీద నుంచి క్రాస్ జాయింటు మీదికి మళ్ళింది.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, చాలామంది పడేది. బండిని సెంటర్ స్టాండ్ ఎక్కించి, గేరు వేసి, ఇంజిన్ నడుపుతూ వెనక చెవి పెడతారు. అప్పుడు మంచి బండి కూడా ‘డుగ్ డుగ్’ అంటుంది. చక్రం గాల్లో వేలాడుతుంటే స్వింగార్మ్ పూర్తిగా దిగిపోయి జాయింట్లు మామూలుగా ఎప్పుడూ చూడని కోణంలో ఉంటాయి. క్రాస్ జాయింటు ఒంగి తిరిగినప్పుడు అవతలి వైపు వేగం చుట్టుకి రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. కోణం 10 డిగ్రీలుంటే తేడా ఒకటిన్నర శాతం, 20 డిగ్రీలైతే ఆరు శాతం. రెండో జాయింటు ఆ తేడాని వెనక్కి లాగేసేలా అమరుస్తారు కానీ, స్టాండ్ మీద ఆ కోణాలు సరిపోలవు. పైగా చక్రం మీద బరువు లేదు కాబట్టి పళ్ళ మధ్య ఖాళీ అటూఇటూ కొట్టుకుంటుంది. స్టాండ్ మీద ఇంజిన్ నడిపి విన్న శబ్దంతో ఏ పార్టూ మార్చకూడదు. తిరుగుతున్న చక్రం దగ్గర వేళ్ళు పెట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

స్టాండ్ మీద చెయ్యాల్సింది ఇంజిన్ ఆపి చేత్తో చేసే పరీక్ష. ముందు బ్రేకు ప్యాడ్లని కాస్త వెనక్కి నెట్టాను. డిస్కు వంకర ఉంటే చక్రం చుట్టుకి ఒకసారి బిగుస్తుంది, అది మన లెక్కని చెడగొడుతుంది. న్యూట్రల్‌లో చక్రాన్ని రెండు వేళ్ళతో నెమ్మదిగా తిప్పాను. కొంచెం తిరగ్గానే బిగుసుకుంటుంది, వదులుతుంది, మళ్ళీ బిగుసుకుంటుంది. టైరు మీద సుద్దతో గుర్తు పెట్టుకుంటూ పోతే, ఒక చుట్టుకి ఆరుచోట్ల. 2.91ని రెండుతో హెచ్చిస్తే 5.8. రోడ్డు మీద ఫోన్ చెప్పిందే ఇక్కడ వేళ్ళు చెప్పాయి. ఖర్చు లేని పరీక్ష ఇది. మొదటే చేసి ఉంటే రెండు నెలలు మిగిలేవి.

తరవాత చక్రాన్ని పన్నెండు-ఆరు గంటల దగ్గర పట్టుకుని ఊపాను, తొమ్మిది-మూడు దగ్గర పట్టుకుని ఊపాను. చేతికి తెలిసే ఆట (వదులు) లేదు. క్రౌన్ బేరింగు పోయి ఉంటే ఈ రెండు దిక్కుల్లోనూ తెలుస్తుంది. తొమ్మిది-మూడులో మాత్రమే ఆట ఉంటే ఫైనల్ డ్రైవ్ పివట్ బేరింగులు (అది స్వింగార్మ్‌కి ఊగేలా తగిలే చోటివి) చూసుకోవాలి. మొదటి గేరు వేసి చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఆడిస్తే ‘టిక్, టక్’ అని రెండు దెబ్బలు. పళ్ళకీ, స్ప్లైన్లకీ, గేరుబాక్సు డాగులకీ (గేర్లని కలిపి పట్టే పళ్ళకీ) మధ్య కొంత ఖాళీ ప్రతి షాఫ్ట్ బండికీ ఉంటుంది, దానికి బెదరకూడదు. గేరు మారిస్తే ఎక్కువ తక్కువయ్యేది గేరుబాక్సు ఆట, మారనిది దాని వెనకది. తోడున్న కుర్రాడు చక్రం ఆడిస్తుంటే నేను వెనక బూటు మీద వేళ్ళు పెట్టాను. మొదటి ‘టిక్’ వేళ్ళ కిందే తగిలింది. బూటు అడుగున వేలికి తడి కూడా తగిలింది. నూనె కాదు, ఎర్రటి నీరు.

విప్పేముందు ఆయిల్ దించాను. ఇరవై కిలోమీటర్లు తిప్పి వేడెక్కాక దించితేనే అడుగున ఉన్నది కూడా వస్తుంది. కొలజాడీలో పదిహేను నిమిషాలకి 170 మి.లీ. పైగా పడింది. పట్టేది 180 కాబట్టి కారడం లేదన్నమాట. తెల్లకాగితం మీద పల్చగా పోసి ఎండలో చూశాను. రంగు ముదిరింది గానీ పాలలా తెల్లబడలేదు, అంటే నీరు దూరలేదు. డ్రెయిన్ బోల్టు అయస్కాంతం మీద బూడిదరంగు నూగు మాత్రమే ఉంది. వేళ్ళ మధ్య రుద్దితే కాటుకలా జారిపోయింది. అది మామూలే. గోటి ముక్కల్లాంటి రేకులు దొరికినా, రుద్దినప్పుడు గరుకు తగిలినా ఫైనల్ డ్రైవ్ విప్పాల్సిందే. “మొత్తం మార్చాలి” అన్న ఆ ఫైనల్ డ్రైవ్‌కి ఏ జబ్బూ లేదు.

విప్పడం రెండు మనుషుల పని. ముందు బ్రేకు లివర్‌ని హ్యాండిల్‌కి కట్టేసి, సెంటర్ స్టాండ్ వెనక్కి మడతపడకుండా ముందు చక్రానికి పట్టీతో బిగించాను. చక్రానికి ఐదు బోల్టులు, టార్క్స్ 50. కాలిపర్ (బ్రేకు ప్యాడ్లని పట్టుకునేది) విప్పి తీగతో ఫ్రేముకి వేలాడదీశాను, బ్రేకు గొట్టం మీద బరువు పడకూడదు. ఏబీఎస్ సెన్సరు తీసి, వైరుని క్లిప్పుల్లోంచి వదిలించాను. ఇది మరిచి ఫైనల్ డ్రైవ్ దించితే వైరు తెగుతుంది, సెన్సరు ఖరీదైనది. వెనక బూటు పెదవిని గాడిలోంచి వేళ్ళతోనే ఊడదీశాను. స్క్రూడ్రైవర్ పెడితే చిరుగుతుంది. ఆ తరవాత ఫైనల్ డ్రైవ్‌కీ ఫ్రేముకీ మధ్య ఉండే స్ట్రట్ బోల్టు. అది తియ్యగానే ఫైనల్ డ్రైవ్ తన బరువుతో కిందికి వాలుతుంది, కాబట్టి ఒకరు చెయ్యి వేసి ఉండాలి. పివట్ బోల్టుల జోలికి పోనక్కర్లేదు. నెమ్మదిగా కిందికి వాలుస్తుంటే పినియన్ స్ప్లైన్లు షాఫ్ట్ నుంచి విడిపోతాయి.

అప్పుడు బూటు లోపల నుంచి ఓ చెంచాడు తుప్పునీళ్ళు నేల మీద పడ్డాయి. జాయింటు చుట్టూ ఇటుకపొడి లాంటి ఎర్రటి పొడి.

షాఫ్ట్ ముందు చివర గేరుబాక్సు స్ప్లైన్ల మీద తీగ రింగుతో పట్టుకుని ఉంటుంది. వెనక యోకుని (జాయింటుని పట్టుకునే రెండు చెవుల ముక్కని) పట్టుకుని, వంకర లేకుండా తిన్నగా, గట్టిగా ఒక్క గుంజు గుంజితే వదిలింది. బల్ల మీద పెట్టి చూశాను. ముందు జాయింటు అన్ని వైపులా ఒకే పలచటి బిగువుతో ఒంగుతోంది. వెనక జాయింటు ఒక దిక్కుకి వంచితే బాగానే ఉంది. రెండో దిక్కుకి వంచితే మాత్రం తిన్నగా ఉన్నచోట గుంతలో పడినట్టు ఆగిపోతోంది, అక్కణ్ణుంచి తియ్యాలంటే బలం పెట్టాలి. యోకు పట్టి మెలిపెడితే చిన్న ఆట కూడా ఉంది. 32 హెర్ట్జ్ వణుకు ఆ గుంతది, టక్కు ఆ ఆటది.

గుంత ఎందుకు పడింది? క్రాస్ చివర్ల ఉండే కప్పుల్లో సూది రోలర్లుంటాయి. మామూలు బేరింగులో రోలర్లు గుండ్రంగా తిరుగుతూ పోతాయి, గ్రీజు అంతటా పరుచుకుంటుంది. క్రాస్ జాయింటులో అవి పూర్తిగా తిరగవు, ఉన్నచోటే నాలుగైదు డిగ్రీలు అటూఇటూ ఊగుతాయంతే. గ్రీజు ఒకసారి పక్కకి పోయిందంటే మళ్ళీ ఆ చోటుకి రాదు. సూదులు అదే గీత మీద కొట్టి కొట్టి పల్లం చేస్తాయి. నీళ్ళు చేరితే ఇంకా త్వరగా. ఈ జాయింటుకి గ్రీజు నిప్పిల్ (గ్రీజు ఎక్కించే మూతి) ఉండదు, ఫ్యాక్టరీలో పెట్టిందే జీవితకాలం.

నీళ్ళు ఎలా చేరాయో బూటే చెప్పింది. పైన సగం పెదవి గాడిలో ఉంది, కింద మూడు వేళ్ళ వెడల్పున బయటికి జారి ఉంది. ఆ సందులోకి కార్ వాష్ దగ్గర ప్రెషర్ గన్ నీళ్ళు నేరుగా కొట్టి ఉంటాయి. దానికి తోడు మన ఊరి గాలి. బండి నడిచి వేడెక్కిన గొట్టం రాత్రి చల్లబడేటప్పుడు బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. సముద్రం పక్క ఆ గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉంటాయి. లోపల చెమటలా పట్టి, పల్లం ఎటుంటే అటు, అంటే వెనక బూటులోకి దిగుతుంది. ఊరికి దూరంగా ఉన్న బండిలో ఐదేళ్ళు తట్టుకునే సందు ఇక్కడ రెండు వానాకాలాల్లో జాయింటుని తినేస్తుంది.

ఇక బాగుచెయ్యడమా, మార్చడమా? గాజువాక ఆటోనగర్‌లో లారీల ప్రొపెల్లర్ షాఫ్టులు చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. చేతిలో తిప్పి చూసి, “ఇదెక్కడిది బాబూ, బొమ్మలాగుంది. లారీ క్రాస్‌కైతే లాకులుంటాయి, కొట్టి తీసి కొత్తది వేసేస్తాం. దీనికి లాకుల్లేవు, చెవుల అంచులు గుద్ది మూసేశారు” అన్నారు. “తియ్యలేమా మేస్త్రి గారూ?” అంటే, “తియ్యడానికేం, ప్రెస్సు మీద వచ్చేస్తాది. సెంటర్లో కూర్చోబెట్టాలి కదా, అదీ పని” అన్నారు. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. లేతు మీద చెవుల లోపల లాకు గాడి కొయ్యాలి, కప్పు వ్యాసం, పొడవు రెండూ సరిపోయే క్రాస్ వెతకాలి, నాలుగు కప్పులూ సమానదూరంలో కూర్చోవాలి, ఆపైన బ్యాలెన్సింగ్. గంటకు 120 వేగంలో ఈ షాఫ్ట్ నిమిషానికి 2,900 చుట్లు తిరుగుతుంది. వెంట్రుకవాసి పక్కకి కూర్చున్నా ఒక వణుకు పోయి ఇంకోటి వస్తుంది. పైగా వేడి తగిలితే మధ్యలోని రబ్బరు డ్యాంపర్ వదిలేసే ప్రమాదం. సెకండ్‌హ్యాండ్ షాఫ్ట్ చవకే గానీ, దాని జాయింటు ఏ బూటు నీళ్ళు తాగిందో మనకి తెలియదు. కొత్త షాఫ్ట్, రెండు కొత్త బూట్లు, స్ట్రట్‌కి కొత్త బోల్టులు, డ్రెయిన్ వాషర్ తెప్పించాను.

కొత్తదీ పాతదీ పక్కపక్కన పెట్టి రెండు చివర్ల యోకు చెవులు పోల్చాను. అమరిక ఒకేలా ఉంది, అంటే పాతదాని రబ్బరు జారలేదు. రబ్బరు జారితే రెండు జాయింట్ల పొందిక తప్పి, జాయింట్లు బాగున్నా వణుకొస్తుంది. అందుకని కొత్తదాని మీద లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత గీశాను. మళ్ళీ ఎప్పుడైనా తీసినప్పుడు గీత రెండు ముక్కలై కనిపిస్తే కారణం వెతకక్కర్లేదు.

పినియన్ స్ప్లైన్ల మీద తుప్పు పొర ఉంది, లోహం తినలేదు. టార్చి వేసి ప్రతి పన్నూ చూశాను. కొస కత్తిలా పదునెక్కి ఉంటే ఆ పార్టుకి ఆయుష్షు తీరినట్టే. ఇత్తడి బ్రష్షు, బ్రేక్ క్లీనర్‌తో కడిగి ఆరబెట్టాను. తరవాత మాలిబ్డినమ్ డైసల్ఫైడ్ ఎక్కువ పాలున్న పేస్టు, నల్లగా చిక్కగా ఉండేది. చాసిస్ గ్రీజు దీనికి పనికిరాదు. స్ప్లైన్లు తిరగవు, సస్పెన్షన్‌తో పాటు బరువు మీద ముందుకీ వెనక్కీ జారుతుంటాయి, మామూలు గ్రీజు ఆ ఒత్తిడికి పక్కకి పిండుకుపోతుంది. టూత్ బ్రష్షుతో పల్చగా, పళ్ళ మధ్య రంగు పట్టేంత చాలు. ఎక్కువైతే విసురుకి బూటు నిండా చిమ్ముతుంది. బూటు పెదవులకి మాత్రం సిలికాన్ గ్రీజే, పెట్రోలియం గ్రీజుకి కొన్ని రబ్బర్లు ఉబ్బుతాయి.

ఎక్కించడంలో ముందు బూటు, తరవాత షాఫ్ట్. గేరుబాక్సు స్ప్లైన్ల మీదికి తోస్తే రింగు ‘క్లిక్’ అని పడాలి. పడ్డాక వెనక్కి లాగి చూడాలి, రాకూడదు. క్లిక్ వినిపించిందనుకుని నేను మొదటిసారి వదిలేస్తే చేతికొచ్చింది. స్ప్లైన్ మీద పేస్టు ఎక్కువై గాలి బిగిసింది, తుడిచి మళ్ళీ తోస్తే కూర్చుంది. తరవాత ఫైనల్ డ్రైవ్‌ని ఒకరు నెమ్మదిగా పైకి లేపుతుంటే ఇంకొకరు యోకుని పినియన్‌కి ఎదురుగా పట్టుకుని, చక్రం హబ్బుని కొద్దికొద్దిగా తిప్పాలి. పళ్ళు దొరికినప్పుడు దానంతటదే జారుతుంది. సుత్తి అవసరం వస్తే ఎక్కడో తప్పు చేస్తున్నట్టు. స్ట్రట్ బోల్టు బిగించకముందే బూటు పెదవిని చుట్టూ వేలు తిప్పి గాడిలో కూర్చుందో లేదో చూశాను. అద్దం పెట్టి అడుగువైపు కూడా చూశాను. ఈ మరమ్మతంతటికీ మూలకారణం ఆ మూడు వేళ్ళ సందే కాబట్టి, అన్నిటికన్నా ఎక్కువ సమయం అక్కడే గడిపాను. స్ట్రట్ బోల్టుల టార్క్ ఆ మోడల్ మాన్యువల్‌లో చూసే బిగించాలి, నోటి లెక్క వద్దు.

డ్రెయిన్ బోల్టు కొత్త వాషర్‌తో 20 న్యూటన్ మీటర్లు. అది కూర్చునే పెట్టె అల్యూమినియం, దానికి మించి బిగిస్తే మర కొట్టుకుపోతుంది. ఆయిల్ 70డబ్ల్యూ-80 హైపాయిడ్ గేరు ఆయిల్. మెడికల్ షాపులో దొరికే 60 మి.లీ. సిరంజితో మూడుసార్లు, సరిగ్గా 180. ఇంకో ఇరవై పోస్తే మంచిదనుకోకండి. వేడికి వ్యాకోచించి సీలు నుంచి బయటికి తోసుకొస్తుంది, ఆ సీలు పక్కనే బ్రేకు డిస్కు ఉంది. సెన్సరు కొస మీద పట్టిన ఇనుపరజను తుడిచి బిగించాను. చక్రం బోల్టులకి గ్రీజు గానీ నూనె గానీ రాయకుండా, ఎదురెదురుగా, రెండు విడతల్లో 60 న్యూటన్ మీటర్లు. బండి దించేముందు వెనక బ్రేకు పెడల్ నాలుగుసార్లు తొక్కాను. ప్యాడ్లు వెనక్కి నెట్టి ఉన్నాయి కదా, ఇది మరిచిపోతే మొదటి మలుపులోనే బ్రేకు ఉండదు.

చక్రాన్ని రెండు వేళ్ళతో తిప్పితే ఆరుచోట్ల బిగువు పోయింది. టైరు ఇంకా పాతదే. కావాలనే మార్చలేదు, రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏది పోయిందో తెలియదు. అదే భీమిలి రోడ్డు, అదే 40 వేగం, ఫోన్ అదే చోట. 32 దగ్గర శిఖరం నేలమట్టమైంది. టక్కు లేదు. ఇంజిన్ బండిని లాగడం ఆగి, బండి ఇంజిన్‌ని తోయడం మొదలయ్యేటప్పుడు చిన్న ‘టిక్’ మాత్రం ఉంది, అది పళ్ళ ఖాళీది, ఉంటుంది. 70లో హోరు ఎక్కడికీ పోలేదు, అలాగే మోగింది. వారం తరవాత టైరు వేయించాక అదీ పోయింది. 311 దగ్గర పళ్ళ సన్న సూది ఇప్పటికీ ఉంది. ముందెంత ఉందో ఇప్పుడూ అంతే. ఆ రికార్డు దాచిపెట్టుకున్నాను, ముందు ముందు పెరిగితే పోల్చడానికి.

వంద కిలోమీటర్లకి బోల్టులూ సీలూ చూశాను. తరవాత ఎస్.కోట మీదుగా అరకు ఘాట్ ఎక్కి దిగాక మళ్ళీ చూశాను, బూటు పొడిగా ఉంది. మాన్యువల్ ఆయిల్ మార్పు 20,000 కి.మీ.కి గానీ రెండేళ్ళకి గానీ అంటుంది. ఆయిల్‌కి నేనూ అదే పాటిస్తాను. బూటు మాత్రం ఏటా వానాకాలం వెళ్ళగానే, నవంబరులో, అడుగు పెదవి వేలితో ఎత్తి లోపల తడి చూసుకుంటాను. అరగంట పని, చక్రం కూడా తియ్యక్కర్లేదు. కార్ వాష్ కుర్రాడికి ఎడమ పక్క గన్ కొట్టొద్దని ముందే చెప్తున్నాను. పాత షాఫ్ట్ మేస్త్రి గారి దగ్గరే ఉంది, చెవులకి లాకు గాడి కోసి చూస్తానని ఉంచుకున్నారు.